మూడున్నర నుంచి నాలుగు దాకా

మునిలతా, మీ నాయనకు చెప్పేసినా.
ముహూర్తం ఐదూ పన్నెండుకు.
మూడున్నర నుంచి నాలుగు దాకా
నీ గది తలుపు ఎవురూ తట్టకూడదు.

ఫోటోల దాము వస్తే
కింద ఉప్మా పెట్టించి కూర్చోబెడతా.
కనకాంబరాల బుట్ట, మేళగాళ్ల లెక్క,
తమలపాకులు చాల్లేదని మీ పెద్దమ్మ కేకలు,
అన్నీ నా దగ్గరికే రావాల.
నీ సెల్లు నా చెంగున ముడేసుకుంటా.

చీర కుచ్చిళ్లకు రాత్రే పిన్నులు పెట్టినా.
ఫ్లాస్కులో పాలు, రెండు బిస్కెట్లు.
ఉపవాసమని ఎవురన్నా అంటే, అననీ.
నా పెండ్లిలో కండ్లు తిరిగి తల వాలిస్తే
సిగ్గనుకున్నారు అందరూ.

తిరుచానూరు రోడ్డు మండపంలో
కొండవైపు గదే కావాలని పట్టుబట్టినా,
మేనేజరు గొణిగినాడు.
ఘాట్ రోడ్డు తెరిచినాక మొదటి బస్సులు
చీకట్లో ఒక్కో వంపూ తిరిగి పైకి పోతా ఉంటాయి,
ఎవురో టార్చిలైటేసుకుని
జారిపోయిన కమ్మ వెతుక్కుంటున్నట్టు.
చూస్తా కూర్చో. ఏమీ అనుకోబళ్లేదు.

ఇంత ఏర్పాటూ చేసి
తలుపు బయట కుర్చీ వేసుకుంటే
నువ్వే గడియ తీసినావు.
"ఒక్కదాన్నే ఉంటే భయంగా ఉండాది అత్తా, రా."

ఫ్లాస్కు మూతలో పాలు పోసుకుని
వంతులేసుకుని తాగినాం.
బస్సులు లెక్కబెట్టినాం, ఏడో ఎనిమిదో.
కింద సన్నాయాయన శ్రుతి చూసుకుంటా
ఒకే స్వరం మళ్లీ మళ్లీ ఊదుతా ఉన్నాడు.

"నీ పెండ్లి పొద్దున ఎట్లుండె అత్తా?"

ఇరవై రెండేండ్లలో ఎవురూ అడగలేదు.
నోరు తెరిచేలోపల
తలుపు దబదబా కొట్టినారు.
నేను లేవబోతే చెయ్యి పట్టుకుని
నువ్వే గట్టిగా అన్నావు:
"ఇంకా నాలుగు కాలేదు."