పదకొండు మంది కొలతలు

నాందేడు సేటు పంపిన కవర్ల
పదకొండు వరుసల కాగితం.
పదకొండు కోట్లకు మోటరు కూడ వేడెక్కదని
పెద్ద మిల్లులు వద్దన్నయట.
అట్ల తిరిగి తిరిగి
ధర్మాబాదు మిర్చి యార్డు ఎనుక సందుల
మా మూడు మిషన్ల కాడికొచ్చింది
ఒక దేశం.

పేరు ఇంగ్లీషుల ఉండె.
పోసాని ఒక తీరు చదివింది,
ఇస్త్రీ పుండలీకు మరాఠీల ఇంకో తీరు.
మా పిల్లగాడు అట్లాసుల ఎతికిండు.
నడిమి పేజీల, నీలం మీద,
సరిగ్గ పిన్ను కొట్టిన కాడ ఉన్నదట.
తుప్పు మరకనో దేశమో తెలువలే.

కాగితం మీద పేర్లు లేవు, నంబర్లే.
అయినా టేపు పట్టిన చేతికి మనిషి తెలుస్తడు.
ఒకటో నంబరు, ఛాతీ యాభై రెండు, మెడ పంతొమ్మిది:
బరువులెత్తేటోడు, అనుమానం లేదు.
నాలుగు, నడుము ఇరవై ఐదు, భుజం మాత్రం పదిహేడు:
ఈత పిల్ల.
తొమ్మిదోది పొట్ట నలభై ఆరు.
"ఈయన ఉరకడు, ఉరికిస్తడు" అన్నది పోసాని.

ఏడో నంబరు కాడ నా కత్తెర ఆగింది.
ఆడమనిషి. ఎడమ చెయ్యి ఇరవై మూడు,
కుడి చెయ్యి ఇరవై నాలుగు.
తప్పు పడ్డదేమో అడుగుమని సేటుకు ఫోను కొట్టిన.
రెండు దినాలకు జవాబు:
తప్పు కాదు, ఈటె విసిరే చెయ్యి అది,
రాసినట్టే కుట్టు.

మా అవ్వకు గూడ అట్లనే.
ఇరవై ఏండ్లు కల్లంల మిర్చి ఎగదోసిన కుడి భుజం
కిందికి గుంజుకపోయి
రైక ఎప్పుడూ ఒక దిక్కుకు జారుతది.
ఆమెకు ఎవ్వలు రెండు చేతులు వేరువేరుగ కొలవలే.
నేను గూడ.

కుట్టినన్ని దినాలు యార్డుల ఎర్రటి దుమ్ము.
గుడ్డ మీద గుడ్డ కప్పినం, తుమ్ముకుంట కుట్టినం,
దులిపి, దులిపి పంపినం.
అతుకుల సందుల ఎంతో కొంత పోయే ఉంటది.
జెండా బిళ్ళలు పన్నెండు వచ్చినయి, ఒకటి ఎక్కువ.
దాన్ని ఎవ్వలు వాపసు అడగలే.

ఆటలు మొదలైన రాత్రి పుండలీకు ఇంట్ల టీవీ.
పెద్ద దేశాలు నడుస్తనే ఉన్నయి,
ఒక్కొక్కటి జాతరంత.
మన దేశం వస్తే చప్పట్లు కొట్టి
మళ్ళ కూసున్నం.
పోసాని గోడకొరిగి కునుకు తీసింది.
అప్పుడొచ్చిన్రు.
లెక్క పెట్టే లోపట సగం మంది దాటిన్రు.

జెండా పట్టింది ఎవరనుకున్నరు?
పొట్ట నలభై ఆరు!
ఈత పిల్ల తుమ్మిందని పుండలీకు ఇప్పటికీ ఒట్టేస్తడు,
నేను చూడలే.
నేను మొఖాలే చూడలే.
ఏడో నంబరు రెండు చేతులెత్తి ఊపింది,
దించింది.
రెండు అంచులు రెండు మణికట్ల కాడికి
ఒక్కపాలి దిగి ఆగినయి.
అంతే, ఇంకో దేశమొచ్చింది.

ఈటె పోటీ ఏ చానల్ల చూపియ్యలే.
పద్నాలుగు మందిల పదమూడో నంబరని
పిల్లగాడు ఫోన్ల ఎతికి చెప్పిండు.
పద్నాలుగో ఆమెకు కాలు బెణికిందట.

నిన్న సేటు కొత్త కాగితం పంపిండు.
ఏదో పెద్ద కంపెనీ, మూడు వేల కోట్లు,
మిల్లులు చేయంగ మిగిలినయి మూడొందలు మాకు.
కొలతల్లేవు.
ఎస్సు, ఎమ్ము, ఎల్లు.

మాపటికి మిషను బందు చేసి
అవ్వను దీపం కింద నిలబెట్టిన.
"గిప్పుడెందుకే" అన్నది, అయినా నిలబడ్డది.
ఎడమ చెయ్యి రాసుకున్న.
కుడిది ముప్పావు ఇంచు ఎక్కువొచ్చింది.
వంగి, నా నోట్‌బుక్కు దిక్కు చూసి,
"తప్పు పడ్డదేమో,
మళ్ళొకపారి చూడు" అన్నది అవ్వ.