మూడో సొరుగు

త్రియెస్తె రేవు వెనక, ఏటవాలు వీధిలో
డుయీలియో వైన్ కొట్టు.
బోరా గాలి తలుపు తోసినప్పుడల్లా
గోడమీది ధరలపట్టిక ఉలిక్కిపడుతుంది.
అట్టముక్కల పెట్టెతో వెళ్ళాను:
ఆటకో అట్ట, అట్టకో పేరు,
పేరుకో సొరుగు.

ఇక్కడి దస్తాలో ఇస్పేటూ ఆఠీనూ లేవు.
కప్పులు, నాణేలు, కత్తులు, దుడ్డుకర్రలు.
ఎనిమిదీ తొమ్మిదీ పదీ అసలు పుట్టనే లేదు.

పట్టు పట్టే ఆటలు మొదటి సొరుగు.
తురుఫు ఉన్నవి ఇటు, లేనివి అటు.
బల్లమీది ముక్కల్ని ఏరుకునేవి రెండోది.
స్కోపా అంటే చీపురు,
బల్లంతా ఊడ్చుకుపోతే ఒక పాయింటు.
తన పని తానే చెప్పుకునే పేరంటే నాకిష్టం.

"కొతేచోని ఎక్కడ పెడతావ్?" అంది నెరీనా.
"అందులో పట్టు పట్టినవాడే మునుగుతాడు."
"అది కొతేచోనే కాదు," సెవెరీనో గ్లాసు దించాడు,
"మా మామ ఆడించిందీ అసలుది."
ఒకే పేరుతో రెండు అట్టలు రాశాను.
వీధి పైచివర ఇంకో పేరుందట దానికి,
ఆ పేరుతో దిగువన వేరే ఆట ఉందట.
గుమ్మందాకా వచ్చిన పోస్ట్‌మన్ కూడా
తన వంతు వాదించి వెళ్ళాడు.

నెరీనా నవ్వింది. "సొరుగులు నేను చెప్తాను, రాసుకో.
ఓడ ఆలస్యమైనప్పుడు ఆడేవి.
శవం పక్కన తెల్లారేదాకా ఆడేవి.
ఇంట్లో మాట్లాడాల్సిన మాట ఒకటుండి
అది మాట్లాడకుండా ఉండటానికి ఆడేవి."

త్రెసెట్టె ఏ సొరుగుదని అడిగాను.
తురుఫు లేదు. మూడు రాజుకన్నా పెద్దది.
జతగాడితో మాట్లాడకూడదు, మూడు సైగలు తప్ప.
ముక్కను బల్లమీద జార్చితే: ఈ రంగు ఇంకా ఉంది.
పిడికిలితో కొడితే: నీ పెద్దది వెయ్యి, తిరిగి నాకు పంపు.
వోలో, ఎగురుతున్నాను, అంటే:
ఈ రంగులో నాకిదే ఆఖరు.

ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆమెకెదురుగా కూర్చున్నది ఒరెస్తె.
"మాట పడిపోయింది కదా ఆస్పత్రిలో.
ఎగురుతానంటాడేమో అనుకున్నా, వేళ్ళతో అయినా.
మంచం చువ్వమీద
పిడికిలితో కొట్టాడు.
నా చేతిలో పెద్దదేమీ లేదప్పుడు."

ఎవరూ ఏమీ అనలేదు.
డుయీలియో శుభ్రంగా ఉన్న గ్లాసునే మళ్ళీ తుడిచాడు.

"నాలుగో మనిషివి నువ్వే, కూర్చో."
బల్ల ఊగుతోందని సెవెరీనో
నా పెట్టెలోంచి ఒక అట్ట తీసి
నాలుగు మడతలు పెట్టి కాలికింద దోపాడు.
దానిమీద ఏ పేరుందో చూసుకోలేదు నేను.
ముక్కలు పంచారు. పదేసి.

నెరీనా నాణెం ముక్కొకటి వేసి
పిడికిలితో బల్లను కొట్టింది, మెల్లగా.
నా చేతిలో నాణేల మూడు ఉంది.
వేశాను.