పదకొండు నెలల ఏడాది

డే అండ్ నైట్ కూడలి దాటాక
మా బిర్యానీ హోటల్లో ఏడాదికి పదకొండు నెలలే.
పన్నెండోది రాకుండా చూసుకోవడం నా ఉద్యోగం.

నేను రిజిస్టర్లు రాస్తాను.
బోర్డు ఒకటే, బిల్లు మీద కోడిపుంజు ఒకటే,
పలాసకీ బొబ్బిలికీ మాకూ
రాత్రి రెండున్నరకి ఒకే వ్యానులో దిగే మసాలా ఒకటే.
జీతాల పుస్తకాలు మాత్రం మూడు.
మేడ మీద టేబుళ్లు ఒక కంపెనీ,
కింద పార్సిల్ కౌంటరు మరో కంపెనీ,
వెనక వంటగది అసలు హోటలే కాదు,
కాగితాల్లో అది ఆహార శిక్షణా కేంద్రం.
మెట్ల కింద పడుకునే పిల్లి ఏ కంపెనీదో
ఇంకా తేల్చలేదు.

తవిటమ్మ ఆ కేంద్రంలో విద్యార్థిని.
వయసు యాభై రెండు.
ఆమదాలవలస నుంచి మొదటి ఆటోకి వస్తుంది,
డేగిశాలు తోముతుంది.
నాలుగుసార్లు చేరింది, నాలుగుసార్లు మానేసింది
ఒక్కరోజు కూడా నాగా పెట్టకుండా.

"నానింకా ఏటి నేర్సుకోవాల బాబూ?"
అందోసారి, వేలిముద్ర వేస్తూ.
"మసి వదలగొట్టడం మాయమ్మ నేర్పినాది.
ఈలేటి నేర్పినారు?"
నేను స్టాంపు ప్యాడు మూత పెట్టాను.

కోతల గడి నా చేతిరాతలో అందంగా ఉంటుంది.
అడుగంటిన అన్నానికి భోజన ఖర్చు.
ఏప్రానుకి అద్దె.
ప్లేటు ఎవరి చేతిలో జారినా
అందరి గడుల్లోనూ పగులుతుంది.

కనీసం అన్నది మన భాషలో అడుక్కునే మాట.
కనీసం ఓ గ్లాసు మంచినీళ్లు.
కనీసం కాసేపు కూర్చోనివ్వండి.
కనీసం అబద్ధమైనా చెప్పు.
చట్టం దాన్ని తీసుకెళ్లి వేతనం పక్కన నిలబెట్టింది.
విశాఖ నుంచి వచ్చిన కన్సల్టెంటు
టీ చల్లారేలోగా, పెన్సిలుతో,
దాని పక్కనే ఇంకో మాట చూపించాడు:
మినహా.
"మనం చట్టం దాటట్లేదండీ,
చట్టంలోంచే నడిచి వెళ్తున్నాం."

మొన్న తనిఖీ.
ముందురోజే ఫోనొచ్చింది గనక
వంటగదిలో నల్లబల్ల వేలాడదీశాం.
పాఠం: శుభ్రత, అని సుద్దతో రాసింది నేనే.
తవిటమ్మకి తెల్లకోటు తొడిగాం,
భుజాల దగ్గర బిగుతైంది.
"ఏమ్మా, ఏం నేర్చుకుంటున్నావు?"
తవిటమ్మ బల్ల వైపు చూడలేదు, నా వైపు చూసింది.
"లెక్కలు బాబూ."
ఆయన నవ్వి సంతకం పెట్టారు.
నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

ఆ రాత్రి గ్యాసు సిలిండర్లు జరిపినప్పుడు కనబడింది.
వెనక గోడ నిండా బొగ్గు గీతలు,
నాలుగు నిలువు, ఒక అడ్డం,
మళ్లీ నాలుగు నిలువు.
పక్కన చిన్న చిన్న సున్నాలు,
పగిలిన ప్లేట్లు కాబోలు, ఆమెవి కానివి.
చదువు రాని మనిషి రాసిన పుస్తకం.
వేలితో లెక్కపెట్టుకుంటూ పోయాను.
నా రిజిస్టర్లో ఆమె మానేసిన రోజులు
ఇక్కడ ఒక్కటీ మానలేదు.
ప్రతి ఏడాదికీ పన్నెండు నెలలున్నాయి.

గోడకి సున్నం వేయించమన్నాడు మేనేజరు.
డబ్బా వచ్చి వారమైంది.
నాదీ ఇక్కడ గుమాస్తా శిక్షణే, పదో నెల.
ఆ డబ్బా మీదే కూర్చుని
ఇది రాస్తున్నాను.