ఏడో అధ్యాయంలో ఏకాంబరం

మా గ్రీమ్స్‌పేట సందులో అందరికీ తెలుసు,
ఏకాంబరం అన్నీ తూస్తాడని.
వసారా మేకుకి తక్కెడ వేలాడుతుంటుంది.
పాలప్యాకెట్టు తూస్తాడు, కరెంటు బిల్లు తూస్తాడు,
గోడ దూకొచ్చిన పిల్లిని బుజ్జగించి తూస్తాడు.
కాకి వదిలిపోయిన ఈకకి
చింతగింజ వేసి, ఎక్కువైతే సగం కొరికి వేసి,
ముల్లు నిలబడేదాకా ఊపిరి బిగబట్టి ఉంటాడు.
నోటుబుక్కులో రాసుకుంటాడు:
"మంగళవారం. ఈక. అర చింతగింజకి కొంచెం తక్కువ."

కుడి బొటనవేలికి ఎప్పుడూ గుడ్డ పీలిక.
స్నానానికి కూడా విప్పడని వాళ్ల కోడలు చెప్పింది.
పుండు కాదంట.
అడిగితే తలుపేసుకుంటాడంట.

పిల్లల కోసం నేనొక నవల రాస్తున్నాను అప్పట్లో.
ఎండిపోయిన నీవా నది అడుగున
మనల్ని వదిలేసిన నీళ్లన్నీ కాపురముండే రాజ్యం.
పాత వంతెన కింద తూమే దాని తలవాకిలి.
వాకిలికి కావలివాడు కావాలి.
పబ్లిషరు, గడ్డం పొడుగు మాంత్రికుణ్ణి పెట్టమన్నాడు.
కిటికీ తీశాను. ఎదురుగా
కోడిగుడ్డు తూస్తూ ఏకాంబరం.

రెండు పేజీలే ఇద్దామనుకున్నాను,
పిల్లలు నవ్వుకోడానికి.
ఆయన కదల్లేదు.
ఏడో అధ్యాయమంతా కూర్చున్నాడు,
తొమ్మిదిలోకి కాళ్లు చాపాడు.
చోటు చాలక రాకుమారుణ్ణి తీసెయ్యాల్సొచ్చింది.
రాజ్యంలోకి పోయే ప్రతి బిడ్డా
తను దాచుకున్నది తట్టలో పెట్టాలి.
కుముద పెట్టింది, దొంగిలించిన ఎర్ర రబ్బరు.
వాళ్ల తమ్ముడు, ఎవరికీ చెప్పకుండా మింగిన ఏడుపు.
ఏడుపే ఎక్కువ తూగింది.
బొటనవేలి గుడ్డకి కూడా కథ దొరికింది నాకు:
రాజ్యాన్ని కాపాడుతుంటే
ఏడు తలల మొసలి కొరికిందని.

కోడలు చెప్పేసినట్టుంది.
ఒక ఆదివారం, గ్యాసుబండి పోయాక,
గడప దగ్గర నిలబడి అడిగాడు:
"నేనుండానంట కదా నీ బుక్కులో. ఎన్ని పేజీలు?"
"ముప్పై ఒకటి."
"అవి మాత్రం తీసియ్యి."
తీసిచ్చాను. తూచాడు.
"నూటా యాభై అయిదు గ్రాములు. పర్లేదే."
తర్వాత, "చదువు" అన్నాడు.
చదివాను. నవ్వాల్సిన చోట నవ్వలేదు.
మొసలి దగ్గర చెయ్యెత్తాడు,
బస్సు ఆపేవాడి మాదిరి.

"మొసలీ లేదు, గిసలీ లేదు నాయినా.
బెల్లం మండీలో ముప్పై రెండేండ్లు కాటా పట్టినా.
రైతు బండి దిగి బీడీ ముట్టించుకునే సందులో
రాయి వైపు తట్టమీద ఈ వేలు ఇట్లా ఆనించేది.
ఆనించినట్టు కూడా ఉండదు, ఈగ వాలినట్టుంటాది.
సావుకారు చెప్పినాడని చేసినా.
తర్వాత చెప్పకపోయినా చేసినా.
మూటకి పావు కిలో.
ఎన్ని మూటలో లెక్క కట్టేదానికి కూకుంటే నిద్ర పట్టదు.
అందుకే కనబడిందల్లా తూస్తా ఉండా, సరింగా."

ఏమనాలో తోచలేదు. ఫ్యాను తిరుగుతోంది.
కాగితాలు ఎగిరిపోకుండా
ఆయన ఎడమచెయ్యి పెట్టాడు.
కుడిచెయ్యి వీపు వెనక.

"పిల్లోళ్లకి ఇది రాయొచ్చునా?"
అని అడిగింది నేను కాదు, ఆయనే.

ఆ రాత్రి మొసలిని కొట్టేశాను, ఏడు తలలూ.
ఇప్పుడు ఏడో అధ్యాయం చివర
కుముద అడుగుతుంది:
"తాతా, మరి నువ్వేం దాచుకున్నావు?"
కావలివాడు గుడ్డ విప్పుతాడు.
తట్టలో వేలు పెడతాడు.
అవతలి తట్టలో ఏం వెయ్యాలో తెలీక
పిల్లలు జేబులన్నీ తడుముకుంటుంటారు.

అక్కడే ఆగింది నవల, మూడు నెలలుగా.
పొద్దున్నే కిటికీలోంచి అరుస్తాడు:
"ఏమబ్బా, తూగినానా?"
"ఇంకా లేదు తాతా."
"తొందర్లేదులే. సరింగా తూచు"
అని, ఉల్లిపాయ పొట్టు గుప్పెట్లో పట్టుకుని
తక్కెడ దగ్గరికి పోతాడు.