ఎనభై ఏడు జెండాలు

కెమియార్విలో మధ్యాహ్నం రెండింటికే చీకటి.
రెయిన్‌డీర్ మెడపట్టీలు చేసే కార్ఖానా మేడమీద
ఎల్యాస్ ఒక్కడే కూర్చుని
జెండాలు ఎగరేస్తున్నాడు.

ఓ-టూ పెడితే పట్టీ బిగుసుకుపోతోంది,
రేడియో జవాబు కోసం చూస్తూ చూస్తూ అక్కడే.
ఓ-టూ తీసేస్తే నడుస్తుంది గానీ
నెల తిరక్కుండా బ్యాటరీ తాగేస్తుంది.
మందేమో మే దాకా కొండ దిగదు.

గంపగుత్త బేరం వద్దు, విడివిడిగా కొందామనుకున్నాడు.
ఓ-టూ అన్న ఒక్క మాట వెనక
ఏయే జెండాలున్నాయో కంపైలర్‌నే అడిగాడు.
దాచుకోకుండా చెప్పింది.
ఎనభై ఏడు.
పేరుపేరునా మేక్‌ఫైల్లో రాశాడు,
పెళ్ళిపిలుపుల్లో ఒక్క గడపా వదలనట్టు.

బిల్డ్ అయింది. పట్టీ బిగుసుకోలేదు.
కుర్చీలోనే ఒక చుట్టు తిరిగాడు.

ఔనె వచ్చింది, బూట్ల మంచు దులుపుకుంటూ.
పేరు ఔనె, నోట ఎప్పుడూ కాదనే మాట.
"కాదు," అంది తెర చూడకముందే.
"సైజెంత?"
నిన్నటి ఓ-సున్నా కంటే
పన్నెండు బైట్లు తక్కువ.

ఇద్దరూ అసెంబ్లీ చదివారు.
ప్రతి అంకే రిజిస్టర్లోకి రావడం,
ఒక కూడిక,
మళ్ళీ పరుగున మెమరీలోకెళ్ళి పడుకోవడం,
మరు వరుసలో దాన్నే మళ్ళీ లేపుకు రావడం.
చేదతో నీళ్ళు తోడి, గుక్కెడు తాగి,
మిగతావి నూతిలోనే వొంపి
మళ్ళీ చేద వేసినట్టు.

"ఇన్ని జెండాలు పెట్టాను కదా?"
"పెట్టావు. చూసేదెవరు?
లోపల గడప దగ్గర మొదట అడిగేది
నీ లెవెల్ ఎంత అని.
సున్నా అన్నావా,
నీ కాగితాల కట్ట విప్పరు."

కిటికీలోంచి కిందికి చూపించింది.
కార్ఖానా వెనక సౌనా.
పేర్చిన రాళ్ళు, చెక్క గరిటె,
బొక్కెనలో నీళ్ళు, బిర్చ్ రెమ్మల కట్ట.
"వెళ్ళి నీళ్ళు చల్లు. మంట వెయ్యకు. ఏమొస్తుంది?"
"తడిసిన రాళ్ళు."

ఉప్పుంది, పప్పుంది,
నిప్పు లేదు.

"ముందు మంట వెయ్యి," అంది,
"ఏ రెమ్మ వద్దో తరవాత తీసెయ్యి."

ఓ-టూ తిరిగొచ్చింది.
ఈసారి ఒక్కోదాన్నీ వద్దు, వద్దు అంటూ
రాత్రి పదకొండుదాకా.
ఎనభై ఏడూ వద్దన్నాడు.
పట్టీ అప్పుడూ బిగుసుకునే ఉంది.
అన్నీ ఊడబీకినా ఓ-టూ సున్నా కాలేదు.
పేరు లేని పనులు కొన్నున్నాయి దాని దగ్గర,
జాబితాకెక్కనివి,
ముసలి వడ్రంగి బొటనవేలికే తెలిసిన కొలతల్లాంటివి.

అప్పుడు తను రాసింది తనే చదువుకున్నాడు.
నలభై ఒకటో వరుస.
జవాబొచ్చిందా అని చూసే లూపు.
ఆ జవాబు రాసేది రేడియో, బయటినుంచి.
ఆ సంగతి కంపైలర్‌కి చెప్పనే లేదు.
ఇక్కడ దీన్నెవరూ మార్చరని అది నమ్మింది.
ఒక్కసారి చూసి కళ్ళు మూసుకుని
తెల్లవార్లూ అదే చుట్టు తిరిగింది.
తన మాట నమ్మినదానిమీద నేరం మోపడానికి
ఇతను ఎనభై ఏడు తలుపులు తట్టాడు.

వోలటైల్ అని ఒక్క మాట రాశాడు.
జెండాలు చెరిపేశాడు.
ఓ-టూ. అంతే.

ఫోన్ చేసి చెబితే ఔనె
కాదనలేదు. ఔననీ అనలేదు.
అవతల ఏదో చిటపట.
"పొయ్యి వెలిగించాను, రా," అంది.
"నీళ్ళు నువ్వు పొయ్యి."