మైనస్ ఇరవై

అనంతపురంలో మే నెల.
బయట నలభై మూడు.
ఫ్రీజర్ మూత లోపల, ముల్లును నమ్మితే, మైనస్ ఇరవై.

పదిహేడు గొట్టాలు.
ఒక్కో గొట్టం మీద ఒక్కో ఊరు, నా చేతిరాతలో:
బెళుగుప్ప, శెట్టూరు, కంబదూరు, గుమ్మగట్ట...
బుడ్డచెట్ల వేళ్ళకు పట్టిన బుడిపెల్లోంచి
ఏరి తెచ్చిన సూక్ష్మజీవులు.
ఆ ఏడు వాన పడింది.
తర్వాత రెండేళ్ళు పడలేదు.
మళ్ళీ తెచ్చుకుందామంటే చేలో చెట్టే లేదు.

దసరా నాటి ఫెలోషిప్ ఇంకా దారిలోనే ఉంది.
సెంట్రిఫ్యూజ్ బాగుచేసే మనిషీ దారిలోనే ఉన్నాడు.
ఈలోపు దాని మీద హాజరుపట్టీ పెడుతున్నాం.

రాత్రి పదకొండున్నరకు ఫోను.
"కరెంటు పోయి శానాసేపయింది పాపా,
జనరేటర్లో డీజిల్ లేదు."
అక్కులప్ప. మా ల్యాబు అటెండరు.

హాస్టల్ నుంచి పరిగెత్తి చేరేసరికి
అతని టీవీఎస్ వెనక
గోనెపట్టాలో, వరి ఊకలో, కారుతున్న ఐసు దిమ్మె.
మట్టి దంచే రోకలితో పగలగొట్టాం.
అప్పుడతను అలమర తెరిచి
బిల్లింకా పాసుకాని సోడియం క్లోరైడ్ సీసా
మొత్తం ఐసు మీద గుమ్మరించాడు.
"కుల్ఫీ అమ్మేటోళ్ళు ఇట్లే చేస్తారులే."
రెండు సెమిస్టర్లు థర్మోడైనమిక్స్ చదివిన నాకు
ఉప్పు సంగతి తట్టనేలేదు.

నాలుగున్నరకు ఫ్యాను తిరిగింది.

పళ్ళేల మీద పూసి అయిదు రోజులు కాచుకున్నాం.
"బతికిండాయా?"
చీపురు పట్టుకుని రోజూ వాకిట్లో నిలబడి అడిగేవాడు.
పదకొండు ఊళ్ళు మొలిచాయి.
శెట్టూరు మొలవలేదు.
కంబదూరు మొలవలేదు.
మిగతా నాలుగు చెప్పలేను, వదిలెయ్యండి.

ఇప్పుడు ఏ చల్లటి దేశంలోనో కూర్చున్న సమీక్షకుడు
మర్యాదగా అడుగుతున్నాడు:
నమూనాలను ఏ ఉష్ణోగ్రత దగ్గర భద్రపరిచారు?

"మైనస్ ఇరవై అని రాసెయ్యమ్మా"
అన్నారు గైడు సారు, కిటికీ వైపు చూస్తూ.

రాశాను.
కొట్టేశాను.
మే పదకొండు రాత్రి నుంచి తెల్లారి నాలుగున్నర దాకా
ఐసు, ఉప్పు, ఊక.
ఎంత చల్లగా ఉన్నాయో తెలియదు,
థర్మామీటరు అంతకు ముందు నెలే పగిలింది
అని రాశాను.

చివర కృతజ్ఞతల్లో ఒక్క పేరు.
ఇంగ్లీషులో ఎట్లా రాసుకుంటావని అడిగితే
అక్కులప్ప తల గోక్కున్నాడు.
"అది నీ ఇష్టం పాపా.
ఐసుకు నూటా ఇరవై అయింది,
అది ఏ పద్దులో రాస్తావో చూడు."