తప్పొప్పుల పట్టిక

చిత్తూరు చర్చి వీధి చివర
ట్రెడిలు చప్పుడు ఆగని ప్రెస్సులో
కంపోజింగు నాది.
అద్దంలో మొహంలా తిరగబడిన అక్షరాల్ని
వేళ్ళతోనే చదివేదాన్ని.
చి గడి పక్కనే చె గడి.
మధ్యన వడ్లగింజ మందాన చెక్క.

ఏకాంబరం మాస్టరు
ముప్పైమూడు పొడుపులతో పుస్తకం రాసినారు.
భార్య వడ్డాణం కరిగించి
ఆచారి ముందర మూడు దినాలు కూర్చోని
చేయించిన బంగారు మామిడికాయ,
ముక్కు వంకరతో సహా అచ్చం బెంగుళూరా,
పన్నెండు సవర్లు,
యాడో పాతిపెట్టినారు.
విప్పినోళ్ళది కాయ. పుస్తకం వెల తొమ్మిది రూపాయలు.
కడపటి పేజీలో సన్నక్షరాలు:
ప్రెస్సులో పనిచేయువారు పోటీకి అనర్హులు.
ఆ ముక్కా నేనే పేరిస్తి.

ఏ రోడ్డన్నది ముప్పైరెండో పొడుపు.
పేరుస్తానే విప్పుకుంటి, ఎవరికీ చెప్పలేదు.
ఆఖరుది ఇది:

*నడవదు, దోవ చెబుతుంది.*
*నుదుట పదకొండు రాసుకుంది.*
*పడమట నిలబడి చెంత చూడు.*

మైలురాయి. ఇంకేముంది.
అచ్చులో మాత్రం
చింత చూడు.

ఎత్వం ఉండాల్సిన చోట గుడి కడితి.
ఆ గుడికి వచ్చిన జనం
అంతా ఇంతా కాదు.

రోడ్ల పక్క చింతలకి సర్కారోళ్ళు
సున్నం పూసి నంబర్లేస్తారు గదా, కాయల పాటకి!
ప్రతి రోడ్డుకీ ఒక పదకొండో చెట్టు.
పూతలపట్టు రోడ్డులో రాత్రిళ్ళు తవ్విరి.
గుడియాత్తం నుంచి వ్యానులో దిగినోళ్ళు
పలమనేరు రోడ్డులో అరవంలో తిట్టుకుంటా తవ్విరి.
తిరుపతి నుంచి ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు
క్యారియరుతోపాటు పలుగూ తెచ్చిరి.
పెనుమూరు రోడ్డులో పదకొండో నంబరు
వేర్లు తెగి, తుఫానుకి అడ్డం పడింది.
ఆ ఏటి కాయ పాడుకున్న మునిలచ్చుమమ్మ
ఎండని కాయల్ని కొంగులోకి ఏరుకుంటా
పుస్తకం రాసినోణ్ణి ఏడు తరాలు తిట్టింది.
నాకు రావాల్సిన తిట్లు.

తప్పు ఎప్పుడు తెలిసెనంటే,
ఫారం విప్పి అక్షరాలు గళ్ళలో వేసేటప్పుడు.
చె గడి మీదికి పోయిన చెయ్యి
చి పట్టుకోనుంది.
అప్పటికే వెయ్యి పుస్తకాలు కుట్టేసిరి.

సైకిలు షాపు లోగనాథం వచ్చినాడు ఒకరోజు.
పుస్తకం నిండా పెన్సిలు, అరచేతుల నిండా బొబ్బలు.
“అక్కా, నువ్వే పేర్చితివంట గదా.
చింతంటే చెట్టేనా, ఇంకేమన్నా ఉందా?”
“నేను అక్షరాలు చూస్తా నాయనా, అర్థం చూడను” అంటి.
అది రెండో తప్పు.
అచ్చు కాలేదు.

మాస్టరుకి తెలుసునో లేదో.
మొదటి ప్రతి తిరగేస్తా ఆ పేజీ దగ్గర
కళ్ళద్దాలు తీసి పంచెతో తుడుచుకుని
“బాగా కుదిరిందమ్మా” అన్నారు.
మూడో ఏడు ఆయన పోయినారు.
ఇంక ఆ చోటు తెలిసినదాన్ని నేనొకదాన్నే,
అనర్హురాలిని.

ఒకసారి ఆ రాయి దాకా పోతి.
పడమట పక్క కూర్చోని సద్ది తింటి,
మట్టిమీద చెయ్యి కడుక్కుని వస్తి.

ఇప్పుడది ఆరు వరసల రోడ్డు.
రాయిని ఏ గుంతలోకి దొబ్బిరో.
చింతలు ఏ టింబరు డిపోలో కోసిరో.
బస్సు అక్కడ సర్రున పోతుంది,
నేను మాత్రం కాళ్ళు పైకి ముడుచుకుంటా, అలవాటుగా.

మొన్న తిరుపతిలో పాత పుస్తకాల బండికి
నా ప్రతి ఇచ్చేస్తి.
ఇచ్చేముందు ఆఖరి పొడుపులో
గుడి మీద సన్నంగా ఒక గీత గీసి
ఎత్వం పెడితి.
ముప్పైయేళ్ళకి నా మొదటి తప్పొప్పుల పట్టిక,
ఒక్క అక్షరం.

బండి పిల్లోడు పేజీలు ఆడించి చూసె.
“లోపల పెన్సిలు రాత ఉందమ్మా,
పది రూపాయలు తగ్గుతుంది” అనె.